ప్రేరణ: చేయుట – చేయించుట

మన ఇండ్లలో ఏదైన కీడు జరిగినప్పుడు పెద్దలు మొదట అడుగు ప్రశ్న "ఎవరు చేసిరి?" అని. రెండవ ప్రశ్న కొంత ఆలస్యముగా వచ్చును: "ఎవరి ప్రోద్బలముతో చేసిరి?" మొదటిదానికి సమాధానము సులభముగా దొరకును. చేసినవాని చేతికి మట్టియో నెత్తురో అంటియుండును. రెండవదానికి సమాధానము దొరకుట కష్టము. చేయించినవాని చేతులు కడిగినట్లు శుభ్రముగా ఉండును. అతడు సాక్షులలో ఒకడై, ఒక్కొక్కప్పుడు తీర్పరులలో ఒకడై కూర్చుండును. ఈ రెండవ ప్రశ్నను గురించి శరణుల మార్గమున పుట్టినవారము మనము ఏమి తలపవలెనో విచారించుటకే ఈ నాలుగు మాటలు. విచారించువాడు నిర్దోషి కాడని ముందుగనే మనవి చేయుచున్నాను.

ఒకని లోపల కదలిక పుట్టించు శక్తికి మన భాషలో పేర్లు అనేకములు. సంస్కృతము నుండి వచ్చినది ప్రేరణ. "ఈర్" అను ధాతువునకు కదలుట అని అర్థము. "ప్ర" చేరగా ముందునకు కదలించుట అయినది. చోదన, ప్రచోదనము అనునవి మరియొక ధాతువు నుండి వచ్చినవి. గాయత్రీ మంత్రపు చివరి క్రియాపదము ఆ ధాతువునకు చెందినదే. జైమిని మహర్షి ధర్మమును నిర్వచించునపుడు చోదననే దానికి లక్షణముగా చెప్పెను. అనగా "ఇది చేయుము" అని మనిషిని పనికి పంపు వాక్కే ధర్మమునకు గుర్తు. నేడు బండి నడుపువానిని వాహన చోదకుడనియు, ఉద్యమములను నడుపు బలమును చోదకశక్తియనియు పత్రికలు వ్రాయుచున్నవి. మాట ఒక్కటియే, వేదవాక్యము నుండి బస్సు చక్రము వరకు వచ్చినది.

అచ్చ తెలుగు మాటలు ఇంతకంటె నిజాయితీ గలవి. ఎద్దును ములుకోలతో తోలుదుము. కుక్కను ఉసిగొలుపుదుము. పొయ్యిలో కట్టెను ఎగదోయుదుము. ఆ మాటనే మనుష్యుల పట్లను వాడుదుము. దారమునకును త్రాటికిని ఎక్కించు మెలికకు పురి అని పేరు గలదు. పురికొలుపు అను మాట విన్నప్పుడెల్ల వరంగల్లు కొత్తవాడలోని నేతపనివారి యిండ్లే నా కంటికి కట్టును. పురి లేని నూలు మగ్గము మీద నిలువదు, పురి మించిన నూలు ముడిపడి తెగును. మనస్సునకును అంతే. ఇన్ని మాటలలో కొన్ని పశువులకు చెందినవి, కొన్ని నిప్పునకు చెందినవి, కొన్ని చేతిపనికి చెందినవి. ఎదుటివానిని పశువుగా తోలుచున్నామా, నిప్పుగా ఎగదోయుచున్నామా, నూలుగా గట్టిపరచుచున్నామా? ప్రేరణయను గౌరవపదము ఈ మూడింటిని ఒకే గుడ్డ క్రింద కప్పుచున్నది. ఆ గుడ్డ తొలగించి చూడవలెను.

వ్యాకరణము ఈ విషయమున మనకు గొప్ప సాయము చేసినది. "చేయు" అనుదానికి ప్రేరణార్థము "చేయించు". వండు – వండించు. కొట్టు – కొట్టించు. ఒక్క "ఇంచు" చేరగానే వాక్యములోనికి రెండవ మనిషి వచ్చును. పాణిని కర్తను స్వతంత్రుడని నిర్వచించి, వెంటనే ఆ కర్తను పనికి పురికొల్పువానికి హేతువు అనియు కర్త అనియు రెండు పేర్లను ఇచ్చెను. చేయించువాడు ప్రయోజక కర్త. వానిచే చేయువాడు ప్రయోజ్య కర్త. ఇరువురును కర్తలే. పంపినవాడు కర్తృత్వమును తప్పించుకొనలేదు, పంపబడినవాడును దానిని పోగొట్టుకొనలేదు. నేను పాఠశాలలో ఏండ్ల తరబడి పిల్లలకు ఈ పాఠము చెప్పితిని. దాని అర్థము నాకు మాత్రము ఒక గెట్టు దగ్గర తెలిసినది.

మాది వరంగల్లునకు కొంత దూరముననున్న ఒక పల్లె. ఉద్యోగరీత్యా నేను హనుమకొండలో నివసించుచు పండుగలకు ఊరికి పోవుచుంటిని. మా చిన్నాయన కుమారుడు నాకంటె పన్నెండేండ్లు చిన్నవాడు, ఊరిలోనే వ్యవసాయము చేసుకొనుచుండెను. ప్రక్క చేనువారికిని మాకును గెట్టు తగాదా. వారును లింగధారులే, మాతో కలిసి శివరాత్రి జాగరణలో కూర్చుండువారే. ఒక సాయంకాలము అరుగు మీద కూర్చుండి నలుగురిలో నేనొక మాట అంటిని: "మన తాత ఉన్ననాడు ఈ గెట్టు మీద కాలు పెట్టెటోడు లేకుండె. ఇప్పుడు మనమంత గాజులు తొడుక్కున్నం." ఎవ్వరిని పేరు పెట్టి అనలేదు. కొట్టుమని చెప్పలేదు. తెల్లవారి మొదటి బస్సెక్కి హనుమకొండకు వచ్చితిని.

ఆ ఉదయమే నా తమ్ముడు గెట్టు మీదికి గడ్డపార తీసుకొని పోయెను. ప్రక్క చేని పెద్దమనిషికి చేయి విరిగెను. తమ్మునికి ఆరు నెలల శిక్ష పడెను. విచారణలో నా పేరు ఎవ్వరును ఎత్తలేదు. విడుదలైన నాడు నేను ఎదురు పోగా అతడే నన్ను ఓదార్చెను: "నువ్వేం చెయ్యలేదు అన్నా. చేసింది నేనే." మా చిన్నమ్మ మాత్రము లోపలి నుండి ఒక్క మాట అనెను: "పొయ్యిల కట్టె ఎగదోసినోని చెయ్యి కాలదు బిడ్డా. కుండ మాడుతది." బడి మొగము చూడని ఆమె ప్రయోజక ప్రయోజ్యముల భేదమును నాకంటె బాగుగా ఎరిగియుండెను.

చట్టమును ఈ సంగతి నెరిగినదే. 1860 నాటి భారత శిక్షాస్మృతి 107వ సెక్షనులో నేరమునకు పురికొల్పుటను నిర్వచించినది. 2024 జులై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షనులో ఆ నిర్వచనము నిలిచియున్నది. తెలుగున దానిని దుష్ప్రేరణ అందురు. కాని చట్టమునకు సాక్ష్యము కావలెను. అరుగు మీది నిట్టూర్పునకు, ఎత్తిపొడుపునకు, అర్థవంతమైన మౌనమునకు సాక్ష్యముండదు. న్యాయస్థానము చూడలేని చోటనే అంతఃకరణము పని మొదలుపెట్టవలెను.

ఓరుగంటితో ముడిపడిన ఒక కథ ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. పిడుపర్తి సోమనాథుడు తన పద్య బసవపురాణమున దానిని చెప్పెను. ప్రతాపరుద్రుడు ఓరుగంటిలో శివాలయమునకు రాగా భక్తులు పాలకురికి సోమనాథుని బసవపురాణమును చదువుచుండిరి. అదియేమని రాజు అడిగెను. ప్రక్కననున్న ఒకడు, అది ఈ నడుమ పుట్టిన ద్విపద, ప్రమాణమైనది కాదని తక్కువ చేసి పలికెను. రాజు వినకయే వెడలిపోయెను. ఈ కథలోని ప్రతాపరుద్రుడు వేయిస్తంభముల గుడి కట్టించిన రుద్రదేవుడా, కాకతీయులలో కడపటివాడైన రెండవ ప్రతాపరుద్రుడా అని పండితులు వాదించిరి. సోమన కాలనిర్ణయము దానిపై కొంత ఆధారపడియున్నది. మనకు ఇక్కడ కావలసినది ఆ వాదము కాదు. వినుటకు నిలిచిన ఒక మనిషిని ఒక్క ప్రక్కమాట ఎట్లు వెనుకకు త్రిప్పెనో చూడుడు. ఆ మాట పలికినవాడు గ్రంథమును చింపలేదు, చదువువారిని కొట్టలేదు. రాజు పాదములను మాత్రము త్రిప్పెను. రాజునకు రెండు చెవులుండెను; తాను విని నిర్ణయించుకొనవచ్చును. కనుక తప్పు ఇరువురిది. ప్రయోజకుడు ఒకడు, ప్రయోజ్యుడు ఒకడు.

ఇక మంచి పనుల మాట. చెడుపని చేయించినవాడు "నేను చేయలేదు" అనును. మంచిపని చేయించినవాడు "నేనే చేసితిని" అనును. లోకములోని ఈ విచిత్రమునకు మన ప్రాంతముననే చక్కని సమాధానమున్నది. పాలంపేటలోని రుద్రేశ్వరాలయమును 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెనని అక్కడి శాసనము చెప్పుచున్నది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ప్రజలు దానిని రేచర్ల రుద్రుని గుడి అనరు. రామప్ప గుడి అందురు. రామప్ప దానిని చెక్కిన శిల్పియని జనశ్రుతి. శాసనము ప్రయోజకుని పేరు దాచినది, జనుల నాలుక ప్రయోజ్యుని పేరు దాచినది. కట్టించినవాని ఘనతను ఎవ్వరును కాదనలేదు. కాని ఉలి పట్టిన చేతిని జనులు మరువలేదు. కాయకమునకు ఇంతకంటె గొప్ప సన్మానము వేరొకటి కలదా?

బసవేశ్వరుని బోధలో ఈ చేయుట, చేయించుటల భేదము మూలమునకు చేరినదని నా నమ్మకము. ఇష్టలింగము అరచేతిలోనిది. గురువు దీక్షనిచ్చును, మార్గమును చూపును, ప్రేరణ కలిగించును. అక్కడితో గురువు పని తీరును. పూజ మాత్రము మన చేతితో మనమే చేయవలెను. డబ్బిచ్చి మరియొకనిచే చేయించుకొనునది కాదు. మన ఆకలికి మరియొకడు భుజించుట ఎట్లు కుదరదో ఇదియు అట్లే. కాయకమును అట్టిదే: ఒకని కాయకమును మరియొకడు చేసిపెట్టలేడు. అనగా శరణుల ధర్మమున పుణ్యమునకు "ఇంచు" ప్రత్యయము చెల్లదు. పాపమునకో, అది పూర్తిగా చెల్లును. మన అభ్యాసము దీనికి సరిగా తలక్రిందులు: పుణ్యమును చేయించి మన లెక్కలో వ్రాసికొందుము, పాపమును చేయించి ఎదుటివాని లెక్కలో వ్రాయుదుము.

ఇక్కడ ఒక భక్తుడు అడుగవచ్చును: "సర్వమునకు శివుడే ప్రేరకుడు గదా? శ్వేతాశ్వతరోపనిషత్తు భోక్త, భోగ్యము, ప్రేరకుడు అని మూడింటిని చెప్పుచున్నది గదా? అట్లయిన మన కర్తృత్వమెక్కడ?" ప్రశ్న సామాన్యమైనది కాదు. నాకు తోచిన సమాధానము మన పాకాల చెరువు చెప్పినది. కాకతీయుల నాటి ఆ చెరువు నిండినప్పుడు తూము గుండా వచ్చు నీటి వేగము రైతుది కాదు, చెరువుది. ఆ నీరు తన మడిలోనికి పోవునా, ప్రక్కవాని నారును ముంచునా అనునది మాత్రము మడవ కట్టిన చేతిని బట్టియుండును. మడవ వంకరగా కట్టి "నీరు చెరువుది" అన్న రైతును ఊరు క్షమించునా? కదలుటకు బలము శివునిది. త్రిప్పుకొన్న దిక్కు మనది. "శివుడే చేయించెను" అను మాట కృతజ్ఞతగా వచ్చినప్పుడు భక్తి. సాకుగా వచ్చినప్పుడు శివునిపై నింద.

మరియొక కష్టమైన ప్రశ్నను తప్పించుకొనరాదు. పాలకురికి సోమనాథుని బసవపురాణమున బిజ్జలుడు భక్తుల కన్నులు తీయించిన పిమ్మట, బసవేశ్వరుని ఆజ్ఞపై జగద్దేవుడు బిజ్జలుని చంపినట్లు గలదు. బిజ్జలుని కడపటి దినములను గురించి గ్రంథములన్నియు ఒకే రీతిగా చెప్పుట లేదు. చరిత్రకారులును ఏకాభిప్రాయమునకు రాలేదు. ఆ చర్చ అట్లుండనిండు. పురాణమును పురాణముగనే చదివినను అందొక సంగతి కనబడుచున్నది: అది ఆజ్ఞాపించినవాని పేరును దాచలేదు. జగద్దేవుని ఒంటరిగా నిలిపి, తక్కినవారు చేతులు దులుపుకొనలేదు. పలికినవాని పేరు పనితోపాటు నిలిచినది. మన గెట్టు తగాదాలకు, మన సంఘముల ఎన్నికల కక్షలకు ఆ కథను సాక్ష్యముగా తెచ్చుకొనువారు ఈ ఒక్క సంగతిని చూడరు. నేను అరుగు మీద పలికిన మాటకు నా పేరు అంటలేదు. పేరు అంటని మాట కనుకనే అది అంత తేలికగా నా నోట వచ్చినది.

అట్లయిన మంచి ప్రేరణ ఎట్లుండును? ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము మన ఇండ్లలో అందరికిని తెలిసినదే. కళ్యాణమున నేలరాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ ఆ ఎక్కువను తిరిగి అక్కడనే పోసిరమ్మని భర్తను పంపెను. ఆమెయు భర్తను కదలించినది. నేనును తమ్ముని కదలించితిని. భేదమెక్కడ? ఆమె మాట భర్త ముఖము చూచి పలికినది; నా మాట గాలిలోనికి విసరినది. ఆమె కారణము చెప్పెను. నేను సిగ్గు రేపితిని. ఆ నిర్ణయమువలన కలుగు లోటు ఆమె గిన్నెలోనే కనబడును, ఆమెయు అతనితో సమానముగా తక్కువ తినును. నా మాటవలన కలిగిన లోటు తమ్ముని ఇంటిలో కనబడెను. నా భోజనము నాకు సమయమునకు అందెను.

అల్లమప్రభువు అనుభవమంటపమున అక్కమహాదేవిని ప్రశ్నలతో పరీక్షించిన సంగతియు ఇట్టిదే. శూన్యపీఠమున కూర్చున్నవాడు ఆజ్ఞాపింపవచ్చును, అతడు ప్రశ్నించెను. ప్రశ్న ఎదుటివానికి సమాధానము చెప్పు చోటు నిచ్చును. కాదనుటకు చోటులేని ప్రేరణ ములుకోల వంటిది.

దీనినుండి నాకొరకు మూడు కొలతలు ఏర్పరచుకొంటిని. ఒకరిని ఒక పనికి కదలించుటకు ముందు: ఈ మాటను నా పేరుతో, నలుగురిలో, రేపు మరల పలుకగలనా? కాదని చెప్పుటకు, రాత్రి నిద్రపోయి ఆలోచించుకొనుటకు ఎదుటివానికి వ్యవధి ఉన్నదా? ఆ పనివలన వచ్చు కష్టములో నా పాలు నేను మోయుదునా? మూడింటికి అవునని సమాధానము వచ్చిన దానిని ప్రేరణ అందును. ఒక్కదానికి కాదని వచ్చినను అది ఎగదోయుటయే.

ఈ కొలతలు పెద్ద తగాదాలకు మాత్రమే కాదు. "ఎదురింటి పిల్లవానికి సీటు వచ్చినది, నీకు రాదా?" అని బిడ్డను రేపగలు పొడుచు తల్లిదండ్రులు దానిని ప్రోత్సాహమనుకొందురు. ఆ చదువులో కష్టము బిడ్డది, ఓడిన సిగ్గు బిడ్డది, గెలిచిన గర్వము మనది. కోడలి ముందర కుమారుని ఎత్తిపొడుచు పెద్దలు, మఠముల కార్యములకు చందా ఇయ్యని వానిని సభలో పేరు చదువక చదివినట్లు చేయు కార్యకర్తలు, అందరును ఈ కొలతల ముందు ఒక్కసారి నిలువవలెను. దాసోహము సిగ్గుచే పుట్టరాదు. సిగ్గుచే ఇచ్చిన బియ్యము గింజ గింజకు లెక్కయుండును.

తమ్ముడు విడుదలైన మూడవ నెలలో నేను ప్రక్క చేని పెద్దమనిషి యింటికి పోతిని. చేయి అతుకుకొన్నది గాని మోచేయి పూర్తిగా చాపలేకుండెను. "కొట్టింది తమ్ముడే గాని, కొట్టిచ్చింది నేను" అంటిని. ఆ "ఇంచు"ను నోట పలుకుటకు నాకు తొమ్మిది నెలలు పట్టినది. ఆయన చాలసేపు నా వంక చూడలేదు. క్షమించితినని అనలేదు, నేను అడుగను లేదు. లేచునప్పుడు లోపలికి కేకవేసి నాకు మంచినీళ్ళు ఇప్పించెను. ఆ సంవత్సరము మేమిద్దరము కలిసి గెట్టు కొలిపించి రాళ్ళు పాతించితిమి. తమ్ముడు నాతో మునుపటివలెనే మాట్లాడును. అతడు నన్ను ఏనాడును తప్పు పట్టలేదు. నాకు మాత్రము అదియే భారముగా నున్నది.

చేతిలో లింగమున్నవారము మనము. ఆ చేయి ఏమి చేయుచున్నదో చూచుకొనుట మనకు అలవాటే. ఆ చేయి కదలకుండగనే ఇతరుల చేతులచే ఏమి చేయించుచున్నదో కూడ పూజావేళ ఒక్క క్షణము తలచుకొందము.

శరణు శరణార్థులు.